ఘాట్ రోడ్డుకు నప్పే కారు, షోరూములో లేని కారు

జయపురంలో కాపురం, కోరాపుట్‌లో ఉద్యోగం: దక్షిణ ఒడిశాలో మా వైపు ఇలా బతికే ఇళ్లు తక్కువేమీ లేవు. కలెక్టరేటు, కోర్టు కోరాపుట్‌లో. 2009లో కేంద్రీయ విశ్వవిద్యాలయం, 2017లో సహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల కూడా అక్కడికే వచ్చాయి. బజారు, బియ్యం మిల్లులు, చుట్టాలు, తెలుగు మాట మాత్రం జయపురంలో. రెంటికీ మధ్య 22 కిలోమీటర్ల రోడ్డు, అందులో కొండెక్కే మలుపులు. రానూపోనూ 44. మోటారు సైకిలు మీద వానలో, చలిలో పదేళ్లు తిరిగాక ఎవరికైనా కారు మీద మనసు పోతుంది. అప్పుడు మొదలవుతుంది అసలు చర్చ: పెట్రోలా, హైబ్రిడ్డా, ఎలక్ట్రిక్కా? ఈ మధ్య నాలుగోది కూడా చేరింది, ప్లగ్-ఇన్ హైబ్రిడ్. అమెరికాలో ఉన్న అబ్బాయి ఫోన్‌లో చెప్పి ఉంటాడు, "నాన్నా, ఇక్కడ అందరూ అదే కొంటున్నారు" అని.

బ్యాటరీతో నడిచే మూడింటికీ తేడా పేర్లు చూస్తే అర్థం కాదు, బ్యాటరీ చూస్తే అవుతుంది. మన షోరూముల్లో దొరికే మారుతి గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్ హైబ్రిడ్లలో ఉన్న బ్యాటరీ 0.76 యూనిట్ల కరెంటు పట్టేది. యూనిట్ అంటే కరెంటు బిల్లులో వచ్చే యూనిట్టే. దాన్ని గోడకు తగిలించే వీలే లేదు. ఇంజను, బ్రేకులు నింపితే నిండుతుంది. పూర్తి ఎలక్ట్రిక్ కార్లలో ఇది 17 యూనిట్ల దగ్గర మొదలై 45 పైకి పోతుంది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో మామూలుగా 8 నుంచి 20 యూనిట్ల దాకా ఉంటుంది. రాత్రి ప్లగ్గు పెడితే పొద్దున్న యాభై అరవై కిలోమీటర్లు కరెంటు మీద పోతుంది, అది అయిపోతే పెట్రోలు ఇంజను అందుకుంటుంది. దగ్గరి ప్రయాణానికి కరెంటు, దూరానికి పెట్రోలు. మాట వినడానికి హాయిగా ఉంది. మన రోడ్డు మీద ఈ మాట ఎంతవరకు నిలుస్తుందో లెక్క వేసి చూడాలి.

కారు కంపెనీలు చెప్పే మైలేజీ, రేంజి అన్నీ యంత్రం మీద చదును రోడ్డు లెక్కన కొలిచినవి. మనం తిరిగేది చదును నేల కాదు. జయపురం సముద్రమట్టానికి దాదాపు 650 మీటర్ల ఎత్తున ఉంది, కోరాపుట్ 870 ప్రాంతంలో. దారిలో ఎగుడు దిగుళ్లు కలుపుకుని 250 మీటర్లు ఎక్కుతున్నామనుకుందాం. మనుషులతో కలిపి 1,600 కిలోల కారును అంత ఎత్తుకు లేపడానికి కచ్చితంగా 1.1 యూనిట్లు కావాలి. ఇది భౌతికశాస్త్రం, బేరానికి లొంగదు. రోడ్డు రాపిడి, గాలి నెట్టుడు కలిపితే పొద్దున్న ఎక్కేటప్పుడు నాలుగు యూనిట్లకు కాస్త తక్కువ ఖర్చవుతుంది. సాయంత్రం దిగేటప్పుడు ఎక్సలరేటరు మీద కాలు తీస్తే మోటారే జనరేటరై కొంత కరెంటు తిరిగి బ్యాటరీలోకి పంపిస్తుంది, కాబట్టి రెండు యూనిట్లలోపే సరిపోతుంది. మొత్తం ఆరు యూనిట్లు, చార్జింగులో పోయేది కలిపితే మీటరు మీద ఆరున్నర పైచిలుకు. ప్లగ్-ఇన్ బరువెక్కువ, ఇంజనునూ బ్యాటరీనీ రెండింటినీ మోయాలి కదా. దానికి రోజుకు ఎనిమిది యూనిట్లు వేసుకోండి.

అంటే జయపురం ఉద్యోగికి కావాల్సిన బ్యాటరీ ఎంత? పన్నెండు, పదమూడు యూనిట్లుంటే ఆఫీసుకెళ్లి, తిరిగొచ్చి, రాత్రి కూరగాయలకు కూడా వెళ్లొచ్చు, ఇంజను తిరగదు. మూడు వందలు, నాలుగు వందల కిలోమీటర్ల రేంజి అని ప్రకటనల్లో ఊదరగొట్టే సంఖ్యలకు మన దినచర్యతో సంబంధం లేదు.

ఇంకో విషయం ఉంది, దాన్ని ఘాట్ల వాళ్లం తప్ప ఎవరూ పట్టించుకోరు. విశాఖ నుంచి వచ్చేటప్పుడు సాలూరు దాటాక సుంకి ఘాటు మొదలవుతుంది. సాలూరు ఎత్తు 120 మీటర్ల లోపు. పొట్టంగి పీఠభూమి 900 చుట్టుపక్కల. ఒక్క ఘాటులో 750 మీటర్లు ఎక్కడమంటే రాపిడితో నిమిత్తం లేకుండానే మూడుంపావు యూనిట్లు. మామూలు హైబ్రిడ్ కారు చేతిలో ఉన్నది మొత్తం 0.76. అందులోనూ వాడుకోనిచ్చేది కొంతే. రెండు మలుపులు తిరిగేసరికి బ్యాటరీ ఖాళీ, అక్కడి నుంచి ఇంజనొక్కటే కేకలు వేస్తూ ఎక్కుతుంది. దిగేటప్పుడు దీనికి తలకిందులు. కొండ కింద పడేసే శక్తిలో ఒకటి, ఒకటిన్నర యూనిట్లు పట్టుకోవచ్చు, కానీ చిన్న బ్యాటరీ మూడు నాలుగు మలుపులకే నిండిపోతుంది. మిగతాదంతా ఇంజను బ్రేకింగులోనూ బ్రేకు ప్యాడ్ల వేడిలోనూ పోతుంది. ఢిల్లీ ట్రాఫిక్కులో లీటరుకు 25 ఇచ్చే హైబ్రిడ్ మన ఘాట్లో 20, 21కి దిగడానికి కారణం ఇదే. పన్నెండు యూనిట్ల ప్లగ్-ఇన్ అయితే ఆ ఒకటిన్నరా మొత్తం లోపలే దాచుకుంటుంది. ఘాట్ రోడ్డు మీద బ్యాటరీ సైజే మైలేజీ అన్నమాట.

దీనికో చిన్న మెలిక. కొండ పైన సునాబెడలోనో సెమిలిగుడలోనో ఇల్లుండి జయపురానికి పనికి వచ్చేవాళ్లు రాత్రంతా చార్జింగు పెట్టి నూటికి నూరు శాతం నింపి దిగితే, బ్యాటరీలో చోటు ఉండదు. మోటారు కరెంటు తయారు చేసినా పెట్టుకునే జాగా లేక బండి బ్రేకుల మీదే ఆధారపడుతుంది. కాలు తీయగానే బండి ఆగే అలవాటున్న డ్రైవరుకు మొదటి మలుపులో గుండె జారుతుంది. పైన ఉండేవాళ్లు 85, 90 శాతం దగ్గర చార్జింగు ఆపెయ్యాలి. జయపురం వాళ్లకు ఈ బాధ లేదు. నిండు బ్యాటరీతో పొద్దున్న ఎక్కుతారు, ఖాళీ చోటుతో సాయంత్రం దిగుతారు. భూగోళం మన వైపే ఉంది.

ఇంత నప్పే కారు బజారులో ఎందుకు లేదు? దీని చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. గోడ ప్లగ్గుకు తగిలించే హైబ్రిడ్‌ను పెద్ద ఎత్తున తయారు చేసి అమ్మిన మొదటి సంస్థ చైనాకు చెందిన బీవైడీ, 2008 డిసెంబరులో ఎఫ్3డీఎం పేరుతో. రెండేళ్లకు అమెరికాలో షెవ్రొలే వోల్ట్ వచ్చింది. 16 యూనిట్ల బ్యాటరీ, కరెంటు మీద 56 కిలోమీటర్లు. టయోటా 2012లో 4.4 యూనిట్ల చిన్న బ్యాటరీతో ప్లగ్-ఇన్ ప్రియస్ తెచ్చి కరెంటు మీద పట్టుమని ఇరవై కిలోమీటర్లు కూడా ఇవ్వలేక నవ్వులపాలైంది. 2023 ప్రియస్ ప్రైమ్‌కు వచ్చేసరికి 13.6 యూనిట్లు, 70 కిలోమీటర్లు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో మన పిల్లలు నడిపేది ఈ తరం కార్లు. వాళ్లకు ఇంటి గ్యారేజీలో ప్లగ్గు, కొన్నేళ్ల పాటు ప్రభుత్వం ఇచ్చిన పన్ను రాయితీ రెండూ కలిసొచ్చాయి. ఆ రాయితీ 2025 సెప్టెంబరు 30తో ఆగిపోయింది. చైనా సంగతి వేరే లెవెలు. 2024 ఫిబ్రవరిలో బీవైడీ తన చిన్ ప్లస్ ప్లగ్-ఇన్ సెడాను ధరను 79,800 యువాన్లకు దించింది. మన డబ్బులో తొమ్మిది లక్షల పైచిలుకు. అక్కడ ప్లగ్-ఇన్ కొనడం చాలా పెట్రోలు కార్ల కన్నా చౌక.

మన దేశంలో ప్లగ్-ఇన్ వచ్చిన దారి చూడండి. 2015లో బీఎండబ్ల్యూ ఐ8, రెండు కోట్ల పైన. 2016లో వోల్వో ఎక్స్‌సీ90, కోటీ పాతిక లక్షలు. కరెంటు మీద నలభై కిలోమీటర్లు. ఆ తర్వాత వచ్చినవీ కోటీశ్వరుల ఇళ్లకే. రోజూ ఆఫీసుకు పోయే మనిషి కోసం చేసిన కారు ప్రపంచంలో ఎక్కడైనా ఉద్యోగి ఇంటికి చేరింది, మన దగ్గర మాత్రం సినిమా హీరో ఇంటికి చేరింది. ఇరవై లక్షల లోపు ప్లగ్-ఇన్ హైబ్రిడ్ మీకు జయపురంలోనే కాదు, విశాఖలోనూ భువనేశ్వర్‌లోనూ దొరకదు.

సాంకేతికం ఇక్కడ అడ్డు కాదు, అడ్డు పన్ను. బ్యాటరీ కారు మీద జీఎస్టీ 2019 ఆగస్టు నుంచి 5 శాతం. హైబ్రిడ్ల మీద, ప్లగ్గు ఉన్నా లేకపోయినా, సెస్సుతో కలిపి 43 శాతం దాకా ఉండేది. 2025 సెప్టెంబరు 22న కొత్త రేట్లు వచ్చాక పెద్ద హైబ్రిడ్లకు 40 శాతం, నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజను ఉన్న చిన్న హైబ్రిడ్లకు 18 శాతం అయింది. రోజుకు నలభై కిలోమీటర్లు కరెంటు మీద తిరిగే ప్లగ్-ఇన్‌నూ, ఎన్నడూ గోడ మొహం చూడని హైబ్రిడ్‌నూ ఒకే గాటన కట్టారు. ఉత్తరప్రదేశ్ 2024 జులైలో ఈ రెంటికీ రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషను ఖర్చు ఎత్తేసింది. ఒడిశా 2021 ఎలక్ట్రిక్ వాహన విధానం బ్యాటరీ వాహనాల మీదే దృష్టి పెట్టింది. తెలంగాణ 2024 నవంబరులో ఇచ్చిన మినహాయింపూ ఎలక్ట్రిక్ వాహనాలకే.

కంపెనీ లోపలి ఖర్చు తెలియకపోయినా ఒక ఉజ్జాయింపు వెయ్యొచ్చు. పన్నుకు ముందు ఎనిమిదిన్నర లక్షలుండే చిన్న పెట్రోలు కారు 18 శాతంతో పది లక్షలకు వస్తుంది. దానికి పదిహేను యూనిట్ల బ్యాటరీ పెడదాం. బ్లూమ్‌బర్గ్ సంస్థ లెక్క ప్రకారం 2024లో ప్రపంచ సగటు బ్యాటరీ ధర యూనిట్‌కి 115 డాలర్లు, కాబట్టి లక్షన్నర లోపు. మోటారు, చార్జరు, వాటి తీగలు, మెదడు అన్నీ కలిపి ఇంకో లక్ష. పన్నుకు ముందు పదకొండు లక్షలు. 40 శాతం వేస్తే 15 లక్షల 40 వేలు. 18 అయితే 13. బ్యాటరీ కారులాగా 5 వేస్తే పదకొండున్నర. ఒకే కారు, మూడు ధరలు.

ఇప్పుడు ఖర్చు వైపు. నెలకు పాతిక రోజులు కోరాపుట్, నెలకోసారి విశాఖ. పెట్రోలు లీటరు 105 అనుకుందాం. (సాలూరు బంకులో కంటే ఇక్కడ కాస్త నయమే, ఆంధ్ర వాళ్లు ట్యాంకు నింపుకుని దిగడం చూస్తూనే ఉన్నాం.) ఇంటి కరెంటు ఒడిశాలో పై శ్లాబులో కూడా యూనిట్ ఆరు రూపాయల చిల్లర, కనుక ఆరే వేద్దాం. ఘాట్ మీద లీటరుకు 15 ఇచ్చే పెట్రోలు కారుకు ఆఫీసు రోజు 308 రూపాయలు, నెలకు 7,700. విశాఖ రానూపోనూ 440 కిలోమీటర్లకు రెండున్నర వేల పైన. ఏడాదికి లక్షా ఇరవై మూడు వేలు. మామూలు హైబ్రిడ్‌తో 92 వేలు. ప్లగ్-ఇన్ అయితే ఆఫీసు రోజుకు యాభై రూపాయలు, నెలకు 1,250; విశాఖ దారిలో మొదటి నలభై యాభై కిలోమీటర్లు కరెంటు, మిగతాది పెట్రోలు. ఏడాదికి 41 వేలు. పూర్తి ఎలక్ట్రిక్కుకు, దారిలో బయటి చార్జరుకు యూనిట్ ఇరవై చొప్పున ఇచ్చినా, 22, 23 వేలు దాటదు.

ప్లగ్-ఇన్ వల్ల ఏటా 82 వేలు మిగులుతాయి. 40 శాతం పన్నుతో పెట్రోలు కారు మీద అదనంగా పెట్టిన 5 లక్షల 40 వేలు తిరిగి రావడానికి ఆరున్నరేళ్లు. 18 శాతంతో మూడేళ్ల ఎనిమిది నెలలు. 5 శాతంతో రెండేళ్లలోపు. మొదటిది ఎవరూ కొనరు, మూడోది అందరూ కొంటారు. నడిమిది మాత్రం ఇవాళ చట్టం ప్రకారమే సాధ్యం: నాలుగు మీటర్లలోపు, 1200 సీసీ లోపు ప్లగ్-ఇన్ చేస్తే 18 శాతమే. కానీ ఆ కొలతల్లో అలాంటి కారు మన దేశంలో ఒక్క కంపెనీ కూడా తేలేదు. ప్రభుత్వాన్ని తిట్టడం పూర్తయ్యాక కంపెనీల వైపు కూడా ఒకసారి తిరగాలి.

ప్లగ్-ఇన్‌కు వ్యతిరేకంగా చెప్పే మాటల్లో ఒకటి బలమైనది. ఐరోపా కమిషను 2024లో కార్ల లోపలి మీటర్ల నుంచి నేరుగా తీసిన లెక్కలు బయటపెట్టింది. 2021లో రిజిస్టరైన ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు ప్రయోగశాలలో చూపించినదానికి సగటున మూడున్నర రెట్లు పొగ వదులుతున్నాయి. కారణాల్లో ముఖ్యమైనది, మనుషులు ప్లగ్గు పెట్టట్లేదు. అక్కడ చాలా కార్లు కంపెనీలు ఉద్యోగులకిచ్చినవి. పెట్రోలు కార్డు ఆఫీసుది, కరెంటు బిల్లు ఇంటిది. మనిషి ఏం చేస్తాడో చెప్పక్కర్లేదు. మన దగ్గరా పెట్రోలు భత్యం తీసుకునే అధికారులకు ప్లగ్-ఇన్ ఇస్తే అదే జరుగుతుంది. జేబులోంచి పెట్రోలు కొట్టించుకునే లెక్చరరు, నర్సు, గుమాస్తా, బియ్యం వ్యాపారి అయితే నిద్ర మానుకుని ప్లగ్గు పెడతారు. అందుకే రాయితీ ఇచ్చేటట్లయితే సొంతంగా కొనుక్కునేవాళ్లకే ఇవ్వాలని నా అభిప్రాయం.

రెండో అభ్యంతరం బ్యాటరీ ఆయుష్షు. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. 24 యూనిట్ల ఎలక్ట్రిక్ కారు మన ఆఫీసు ప్రయాణానికి రోజూ పావు వంతే ఖాళీ అవుతుంది. పన్నెండు యూనిట్ల ప్లగ్-ఇన్ మూడింట రెండు వంతులు ఖాళీ అయి మళ్లీ నిండుతుంది. అదే రసాయనం ఉంటే చిన్న బ్యాటరీ ముందు అలసిపోతుంది. ఎనిమిదేళ్లు, లక్షా అరవై వేల కిలోమీటర్ల గ్యారంటీ ఎలక్ట్రిక్ కార్లకు ఇప్పుడు మామూలైంది; ప్లగ్-ఇన్‌కు కూడా అదే రాసివ్వకపోతే సంతకం పెట్టకండి. ఇంజను ఆయిలు, ఫిల్టర్లు, బెల్టులు ఎటూ తప్పవు. రెండు యంత్రాలున్న బండికి రెండింటి సర్వీసూ ఉంటుంది.

మరి పూర్తి ఎలక్ట్రిక్కే కొనేస్తే పోలేదా? లెక్కలో అది ముందుంది, ఒప్పుకోవాలి. 2022లో వచ్చిన టాటా టియాగో ఎలక్ట్రిక్ పెద్ద బ్యాటరీ రకానికి ప్రకటించిన రేంజి 315 కిలోమీటర్లు, రోడ్డు మీద రెండొందల అటూ ఇటూ. జయపురం, కోరాపుట్ మధ్య నాలుగు రోజులు తిరగొచ్చు. చిక్కు విశాఖ దారి. సుమారు 220 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు దిగుడు కలిసొస్తుంది. వచ్చేటప్పుడు విజయనగరం, గజపతినగరం, రామభద్రపురం దాటి సాలూరు చేరేసరికి సగానికి పైగా ఖర్చయిపోయి ఉంటుంది, అసలు ఎక్కుడు అప్పుడే మొదలవుతుంది. చిన్న బ్యాటరీ వాళ్లు విజయనగరంలోనే ఆగి నింపుకోవాలి. ఘాట్ ఎక్కే ముందు ఉన్న చివరి చార్జరు పని చేస్తోందో లేదో బయలుదేరేముందే ఫోన్ చేసి కనుక్కోవడం మర్యాద, మన ప్రాణాలకు మనమిచ్చుకునే మర్యాద. నలభై యూనిట్లు పైబడ్డ టాటా నెక్సాన్ ఎలక్ట్రిక్ లాంటివి ఒక్క పట్టున రాగలవు. డబ్బు కూడా ఆ పట్టునే అడుగుతాయి.

విశాఖ ప్రయాణం ఈ లెక్కలో ఇంత పెద్దది కావడం మనకే అర్థమవుతుంది. 1936 దాకా జయపురం విశాఖ జిల్లాలోని సంస్థానమే. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి విక్రమదేవవర్మ మహారాజు అండగా నిలిచిన రోజుల నుంచీ చదువు, వైద్యం, పెళ్లి బట్టలు, విమానం అన్నింటికీ మన చూపు అటే. భువనేశ్వర్ రాజధాని, విశాఖ అవసరం. రేంజి గురించి బెంగళూరు వాడికి లేని దిగులు మనకుండటం వెర్రి కాదు.

రాయగడ సంగతి ఇంత చిక్కు కాదు. ఊరు కింద, దాదాపు రెండొందల మీటర్ల ఎత్తున ఉంది. జేకేపూర్ కాగితం మిల్లుకు, ఊళ్లో బజారుకు తిరగడం చదునే, పార్వతీపురం దూరం కాదు. విశాఖకు రైలుంది. రాయగడ వాళ్లు ప్లగ్-ఇన్ కోసం ఎదురు చూడనక్కర్లేదు, చిన్న ఎలక్ట్రిక్ చాలు. సునాబెడ హెచ్‌ఏఎల్, దమంజోడి నాల్కో టౌన్‌షిప్పుల్లో ఉండేవాళ్లకు ఆఫీసు పక్కనే. వాళ్లకు స్కూటరే చాలు.

ఇంటి కరెంటు విషయం కూడా చూసుకోవాలి. 2021 జనవరి నుంచి దక్షిణ ఒడిశా సరఫరా టాటా పవర్ చేతిలో ఉంది. పదిహేను ఆంపియర్ల ప్లగ్గుకు ఏ.సి.కి వేసినట్టు వేరే వైరు, మంచి ఎర్తింగు తప్పనిసరి. మంజూరైన లోడు తక్కువుంటే పెంచుకోవాలి. పాత పెంకుటిళ్ల వైరింగు మీద రాత్రంతా మూడు కిలోవాట్లు లాగడం ప్రమాదం. వానాకాలం గాలివానకు కరెంటు పోయి రెండు రాత్రులు చార్జింగు కాకపోతే ఎలక్ట్రిక్ కారు ఇంకా నడుస్తుంది, ప్లగ్-ఇన్ పెట్రోలు మీద పోతుంది. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది, ఎగువ కొలాబు 320 మెగావాట్లది జయపురం పక్కనే ఉంది. ఇన్ని నీళ్లు మన జిల్లాలో కరెంటవుతుంటే మన ఇళ్లలో రాత్రి దీపం ఆరిపోవడం వేరే వ్యాసం.

అద్దె ఇంట్లో మూడో అంతస్తులో ఉండి వీధిలో కారు పెట్టేవాళ్లకు ప్లగ్-ఇన్ కానీ ఎలక్ట్రిక్ కానీ పనికిరావు. వాళ్లు హైబ్రిడ్‌కు పదహారు, పదిహేడు లక్షలు పెట్టడం కూడా నాకు నచ్చదు. ఏటా మిగిలే ముప్ఫై వేలకు అంత అప్పు మోయడం దండగ. చిన్న పెట్రోలు కారు కొని, ఘాట్లో నెమ్మదిగా నడిపితే చాలు.

సొంత ఇల్లు, గేటు లోపల కారు నిలిపే చోటు, ఎర్తింగున్న ప్లగ్గు ఉన్న జయపురం ఉద్యోగికి ఇవాళ సరైనది నలభై యూనిట్ల లోపు ఎలక్ట్రిక్ కారు. విశాఖకు నెలకోసారి బస్సో రైలో, లేదా విజయనగరంలో టీ తాగుతూ ఒక గంట చార్జింగో. ప్లగ్-ఇన్ వస్తుందని కారు కొనడం వాయిదా వెయ్యకండి. ఆ వాయిదాలో ఏడాదికి లక్ష రూపాయల పెట్రోలు పోతుంది. నాలుగు మీటర్లలోపు, పన్నెండు పదమూడు యూనిట్ల బ్యాటరీతో, పదమూడు లక్షల్లోపు ప్లగ్-ఇన్ ఎవరైనా తెచ్చిన రోజున మాత్రం మొదటి టెస్ట్ డ్రైవ్ షోరూము చుట్టూ కాకుండా కోరాపుట్ ఘాటు మీద అడగండి. ఎక్కేటప్పుడు ఇంజను ఎన్నిసార్లు లేచిందో, దిగేటప్పుడు బ్యాటరీ ఎంత నిండిందో రాసుకుని అప్పుడు బేరమాడండి.